ఇద్దరు హరిశ్చంద్రులు – గృహస్థుని ఋణధర్మము



గడచిన కార్తికమాసమున మన ఆలయ మంటపమున హరిశ్చంద్రోపాఖ్యానమును మూడు దినములు చెప్పుకొంటిమి. మూడవనాటి రాత్రి మంగళహారతి ముగిసి, అందరును తీర్థప్రసాదములు స్వీకరించి వెడలిపోయిన పిమ్మట, ఒక గృహస్థు స్తంభము చాటున నిలిచియుండుట చూచితిని. ఆయన అడిగిన ప్రశ్నకు ఆ రాత్రి నాకు తోచినంత చెప్పితిని. అట్టి ప్రశ్న మనసులో పెట్టుకొని పైకి అడుగలేనివారు మనలో పలువురుందురు గనుక, ఆయన అనుమతితో, పేరును ఊరును విడిచి, ఆ సమాధానమునే ఇచట విస్తరించి చెప్పుచున్నాను.

ఆయనది చిన్న ముద్రణాలయము. శుభలేఖలు, కరపత్రములు, రశీదు పుస్తకములు అచ్చువేసి సంసారమును నడుపుకొనుచుండెను. యంత్రము కొనుటకు చేసిన అప్పు ఒకమారు వాయిదాలు తప్పెను. అప్పిచ్చిన సంస్థవారు వడ్డీలో కొంత తగ్గించి, మిగిలిన మొత్తమును 24 వాయిదాలలో, నెలకు 18,000 రూపాయల వంతున, ప్రతి నెల 5వ తేదీలోపల చెల్లించునట్లు క్రొత్త ఒప్పందము వ్రాయించుకొనిరి. ఒక్క వాయిదా తప్పినను తగ్గింపు రద్దగునని, బాకీ అంతయు ఒక్కమారే చెల్లింపవలెనని అందు షరతు. ఆనాడు ఆయన ఆదాయము నెలకు 45,000 రూపాయలు, ఇంటి ఖర్చు 24,000. కష్టముమీదనైనను జరిగిపోవునని సంతకము చేసెను. తరువాత జనులు శుభలేఖలను చేతిఫోనులలోనే పంపుకొనుట హెచ్చి, ఆదాయము 29,000కు దిగిపోయెను. అయినను తొమ్మిది వాయిదాలు కట్టెను. వానిలో కడపటి రెండింటిని నూటికి ఐదు రూపాయల వడ్డీకి వేరొకచోట అప్పు తెచ్చి కట్టెను. ఈ సంగతి ఇల్లాలికి తెలియదు.

"శాస్త్రులుగారూ! హరిశ్చంద్రుడు ఆలిని, బిడ్డను అమ్ముకొనియైనను మాట నిలుపుకొనెను. నేను నా చేవ్రాలుకే కట్టుబడలేకున్నాను. నేను అసత్యవాదినేనా? మొన్న రాత్రి కాలువగట్టు దాకా పోయి, పిల్లవాడు తలపునకు వచ్చి వెనుకకు తిరిగితిని" అనెను.

నేను ఏబది యేండ్లుగా చెప్పుచున్న కథ ఒక దుఃఖితుని గుండెపై బండరాయివలె పడినదని ఆ క్షణమున నాకు తెలిసినది. కథ అట్లు పడరాదు. పడినదన్నచో చెప్పువాడు సగము చెప్పి విడిచినాడని అర్థము. ఆ రెండవ సగమును ఇపుడు చెప్పుదును.

వేదములోని హరిశ్చంద్రుడు

హరిశ్చంద్రుడన్నంతనే మనకు పురాణకథయు, నాటకములలోని కాటిసీనును తలపునకు వచ్చును. కాని అంతకంటె ప్రాచీనమైన హరిశ్చంద్రకథ ఋగ్వేదమునకు చెందిన ఐతరేయ బ్రాహ్మణమున, సప్తమ పంచికయందు కలదు. అందలి హరిశ్చంద్రునికి నూర్గురు భార్యలున్నను సంతానము లేదు. నారదుని మాటపై వరుణుని ప్రార్థించి, కుమారుడు కలిగినచో వానితోనే నిన్ను యజింతునని మొక్కుకొనెను. రోహితుడు జన్మించెను. ఆ మొక్కు తగినదా కాదా అన్నది వేరు విచారము. ఇచట మనము చూడవలసినది, మాట ఇచ్చినవాడు తరువాత ఏమి చేసెనన్నది.

వరుణుడు వచ్చి అడిగెను. పది దినములు దాటనిమ్మనెను. దాటినవి, మరల అడిగెను. పండ్లు మొలవనిమ్మనెను. మొలచినవి. పండ్లు ఊడనిమ్మనెను. ఊడినవి. మరల మొలవనిమ్మనెను. మొలచినవి. క్షత్రియకుమారుడు గదా, కవచము ధరింపగల వయస్సు రానిమ్మనెను. ఇట్లు ఐదు వాయిదాలు. ఈ ఐదింటిలో ఒక్కమారైనను "నా వల్ల కాదు, నాకు ఇది అశక్యము, వేరొక మార్గము చెప్పుము" అని ఆ రాజు నోరు తెరచి అడుగలేదు. కాలము గడచినచో తగవు తానే సమసిపోవునని తలచెను. కాలము గడచెను గాని తగవు సమసిపోలేదు. రోహితుడు విల్లు పట్టి అడవికి వెడలిపోయెను. వరుణుడు రాజును పట్టెను. రాజునకు ఉదరవ్యాధి పుట్టెను.

పిమ్మట జరిగినది మరింత దారుణము. రోహితుడు ఆరవ సంవత్సరమున అడవిలో ఆకలితో నకనకలాడుచున్న అజీగర్తుడను ఋషిని చూచి, నూరు గోవులిచ్చి ఆయన నడిమి కుమారుడగు శునఃశేపుని కొని తెచ్చెను. తండ్రి చేసిన మొక్కు ఎవరో పేదవాని బిడ్డ మెడకు చుట్టుకొనెను. యూపమునకు కట్టబడిన ఆ బాలుడు దేవతలను ఒక్కొక్కరిని స్తుతింపగా, తుదకు పాశములు ఒక్కొక్కటిగా సడలెను. వానితోపాటు రాజు వ్యాధియు తగ్గెను. ఆ యజ్ఞమున హోతగా నుండి, బాలుని కుమారునిగా స్వీకరించినవాడు విశ్వామిత్రుడే. పురాణమున నిర్దయుడైన ఋణదాతగా కనిపించు ఆ మహర్షియే వేదమున దిక్కులేనివానికి దిక్కయ్యెను.

మన ముద్రణాలయపు గృహస్థు ఒక అప్పు తీర్చుటకు వేరొక అప్పు చేసినపుడు, తనకు తెలియకయే రోహితుని మార్గమును పట్టెను. తన పాశమును విప్పుకొనక దానిని మరియొక మెడకు తగిలించుట ఆ మార్గము. మిత్రుని హామీగా నిలిపి సంతకము చేయించుట, ఇల్లాలికి చెప్పక ఆమె నగలను తాకట్టు పెట్టుట, ఇవియు అట్టివే.

పురాణములోని హరిశ్చంద్రుడు

ఇక మార్కండేయ పురాణములోని హరిశ్చంద్రుని కథ మీరెరిగినదే. ఆ కథను కొంచెము మెల్లగా చదివినచో, మనము గమనింపని మూడు విషయములు కనబడును.

ఒకటి: రాజ్యమంతయు ధారవోసిన పిమ్మట దక్షిణ ఇచ్చుటకు తనకడ ఏమియు లేదని ఆయన విశ్వామిత్రుని ముఖముమీదనే చెప్పి, ఒక మాసము గడువు అడిగెను. గడువు అడుగుట సత్యభంగమైనచో సత్యహరిశ్చంద్రుడను బిరుదు ఆనాడే పోయియుండవలెను గదా! పోలేదు. ఉన్న స్థితిని ఉన్నట్లు చెప్పి గడువు అడుగుట సత్యములో భాగమే.

రెండు: ఆయన ఆలికి దేనిని దాచలేదు. గడువు ముగియు దినమున దిక్కుతోచక నిలిచినపుడు మొదట ఉపాయము పలికినది ఆమెయే. పురాణము ఆమెను శైబ్య యనును. మనము చంద్రమతి యందుము. ఆ ఉపాయము మనకు అనుసరింపదగినదా కాదా అన్నది తరువాతి మాట. ఋణభారమును ఇద్దరు మోసిరన్నది ముఖ్యము.

మూడు: కథాంతమున ధర్మదేవతయే వచ్చి, చండాలుని రూపమున నిన్ను కొన్నవాడను నేనే యని తెలిపెను. అనగా అది దేవతలు చేసిన పరీక్ష. పరీక్షలో ఒక మహాపురుషుడు చేసిన పనిని గృహస్థునకు నిత్యవిధిగా శాస్త్రము ఎన్నడును చెప్పలేదు. పైగా దానికి అడ్డుగీత గీసినది. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున దానప్రకరణములో, గృహస్థు తన సొత్తును ఇచ్చుటలో కుటుంబపోషణకు విరోధము లేనంతవరకే ఇయ్యవలెనని, ఆలుబిడ్డలు ఇయ్యదగినవారే కారని స్పష్టముగా చెప్పబడినది. కావున హరిశ్చంద్రుని సత్యమునకు నమస్కరింపవలెను. ఆయన అమ్మకమును అనుకరింపరాదు.

అశక్తి వేరు, అదిత్స వేరు

వేదములోని హరిశ్చంద్రుడు మాటను సాగదీసెను. పురాణములోని హరిశ్చంద్రుడు సమస్తమును ఒడ్డెను. సామాన్య గృహస్థు నడువవలసిన త్రోవ ఈ రెంటి నడుమ కలదు.

తైత్తిరీయ ఆరణ్యకము రెండవ ప్రశ్నలో కూష్మాండ హోమమంత్రములు కలవు. మన కృష్ణయజుర్వేదులకు ఇవి సుపరిచితములు. వానిలో ఋణదోషము తొలగవలెనని చేయు ప్రార్థన కలదు. అందు ఇచ్చు తలంపు లేకయే జనులకు ఇచ్చెదనని మాట ఇచ్చుటను ప్రత్యేకముగా పేర్కొనిరి. ఇచ్చు కోరికకు దిత్స యని పేరు. అది లేకుండుట అదిత్స. ఇయ్యవలెనను కోరిక నిండుగా ఉండి, చేతిలో ధనము లేకుండుట అశక్తి. ఈ రెండింటిని కలిపి చూచుటవలననే సత్పురుషుడు తనను తాను దొంగగా భావించి కుమిలిపోవుచున్నాడు.

అశక్తి పాపము కాదు. కాని ఒక హెచ్చరిక. అశక్తిని దాచినకొలది అది చూచువారికి అదిత్సవలె కనబడును. ఫోను ఎత్తకుండుట, సందు మార్చి నడచుట, "రేపు, ఎల్లుండి" అనుట, ఇవన్నియు ఐతరేయములోని ఐదు వాయిదాల వంటివి. అప్పిచ్చినవాడు మన హృదయమును చూడలేడు. మన నడవడినే చూచును.

స్మృతికారులు ముందే ఎరిగిరి

ఆదాయము తగ్గుట ఈ కాలపు వింత కాదు. ఋణమును గూర్చి వ్రాసిన స్మృతికారులు దీనిని ముందే తలచిరి. మనుస్మృతి అష్టమాధ్యాయమున పదునెనిమిది వ్యవహారపదములలో మొదటిది ఋణాదానమే. అప్పిచ్చినవాడు ఉత్తమర్ణుడు, తీసికొన్నవాడు అధమర్ణుడు. వారి నడుమ ఎట్టి మర్యాదలు చెప్పబడినవో చూడుడు.

మొదటిది, వడ్డీకి హద్దు. నెలకు అసలులో ఎనుబదవ భాగము న్యాయమైన వడ్డీ యని మనువు వసిష్ఠుని మతముగా చెప్పెను. మన లెక్కలో నూటికి రూపాయి పావలా. కౌటిల్యుని అర్థశాస్త్రము తృతీయాధికరణముననూ ఇదే లెక్క. వర్తకులకు, అడవిదారుల పోవువారికి, సముద్రయానము చేయువారికి అపాయమునుబట్టి హెచ్చు రేట్లు అందు కలవు. ఒక్కమారుగా తీసికొను వడ్డీ అసలును మించి, మొత్తము రెట్టింపును దాటరాదని, వడ్డీపై వడ్డీయగు చక్రవృద్ధిని తీసికొనరాదని మనువు నిషేధించెను.

రెండవది, పత్రము మార్చుట. గడువునకు తీర్చలేనివాడు అప్పటికైన వడ్డీని చెల్లించి క్రొత్త పత్రము వ్రాసికొనవచ్చునని మనువు అనుమతించెను. ఆ వడ్డీయు చెల్లింపలేనిచో దానిని క్రొత్త పత్రమున చేర్చి వ్రాయవలెను. నేడు బ్యాంకులవారు వాయిదాలను తిరిగి నిర్ణయించుట యనునది దీనికి సోదరమే.

మూడవది, ఆదాయమునుబట్టి మెల్లమెల్లగా తీర్చుట. యాజ్ఞవల్క్యుడు, క్షీణించిన ఋణి తనకు రాబడి కలిగినకొలది కొంచెము కొంచెముగా ఇయ్యవలెనని చెప్పెను. ఇచట ఒక సత్యమును దాచరాదు. స్మృతులు ఈ సౌకర్యమును వర్ణభేదముతో చెప్పినవి. కొందరికి మెల్లగా తీర్చు వెసులుబాటును, మరికొందరికి ఒడలు వంచి పనిచేసి తీర్చు విధిని విధించినవి. ఆ భేదము నేడు చెల్లదు, చెల్లరాదు. అప్పునకు మనిషిని వెట్టికి కట్టివేయుట 1976 నాటి చట్టముతో మన దేశమున నేరమైనది. మెల్లగా తీర్చు వెసులుబాటు మాత్రము ప్రతి మానవునికి చెందవలసిన ధర్మమని నా నిశ్చయము.

నాల్గవది, వడ్డీ ఆగవలసిన సందర్భములు. దీర్ఘసత్రములో దీక్షితుడైనవానికి, వ్యాధిగ్రస్తునకు, గురుకులమున చిక్కువడినవానికి, బాలునకు, సారము లేని నిరుపేదకు ఋణము పెరుగరాదని కౌటిల్యుడు వ్రాసెను. రాజ్యతంత్రమును అంత కఠినముగా చెప్పిన గ్రంథమే ఈ దయను చూపినది.

ఐదవది, లెక్క. ఇచ్చిన ప్రతి మొత్తమును పత్రము వెనుక వ్రాయవలెనని, లేదా ఉత్తమర్ణుడు తన చేవ్రాలుతో రశీదు ఇయ్యవలెనని, ఋణమంతయు తీరినపుడు పత్రమును చించివేయవలెనని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. మన పల్లెలలో ప్రామిసరీ నోటు వెనుక "చెల్లు" వ్రాయుట ఈ ప్రాచీన మర్యాదయే.

ఆరవది, మధ్యస్థుడు. అధమర్ణుడు ధనము ఇయ్యవచ్చినను ఉత్తమర్ణుడు పుచ్చుకొననిచో, దానిని మధ్యస్థునియొద్ద ఉంచినంతట ఆ దినమునుండి దానికి వడ్డీ పెరుగదని యాజ్ఞవల్క్యుని వాక్యము. ఇయ్య వచ్చినవానిని శిక్షింపరాదని దీని తాత్పర్యము.

శాస్త్రమును చేతబట్టి వాదమునకు పోరాదు

ఇవి విని, "శాస్త్రము రెట్టింపు దాటరాదన్నది, ఇక ఇయ్యను" అని ఎవరును తగవునకు పోకుందురు గాక. రెట్టింపు నియమమును బొంబాయి ప్రాంతపు న్యాయస్థానములు హిందూధర్మముగా గుర్తించినవి గాని, మన మద్రాసు రాజధానిలో అది అట్లు చెల్లలేదు. 2010లో సూక్ష్మఋణముల వసూళ్లవలన ఆంధ్రప్రదేశమున పెక్కు కుటుంబములు క్షోభించినపుడు వచ్చిన శాసనమున, అదియే 2011లో చట్టమైనది, వడ్డీ అసలును మించరాదను నియమము చేర్చబడినది. అయితే రిజర్వు బ్యాంకులో నమోదైన ఋణసంస్థలకు రాష్ట్రముల వడ్డీవ్యాపార చట్టములు వర్తింపవని 2022లో కేరళ, గుజరాతు చట్టములను గూర్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున ఎవరి ఒప్పందము ఎట్టిదో తెలిసినవారికి చూపి తెలిసికొనవలెను.

మర్యాద మాత్రము నేటి నియమములలోనూ కొంత నిలిచియున్నది. వసూలుదారులు ఉదయము 8 గంటలకు ముందును, రాత్రి 7 గంటలకు తరువాతను ఋణగ్రస్తులకు ఫోను చేయరాదని, బెదరింపులు, నలుగురిలో అవమానించుట కూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో బ్యాంకులను, ఋణసంస్థలను ఆదేశించినది. వాయిదా తప్పినందులకు వేయు రుసుమును వడ్డీగా కలుపరాదని, దానిపై మరల వడ్డీ వేయరాదని 2023 ఆగస్టులో చెప్పినది. చక్రవృద్ధినిషేధపు ఛాయ ఇందు కనబడును. హరిశ్చంద్రుని వెంటబడిన నక్షత్రకుని పేరు తెలుగునాట సామెతయైనది. నక్షత్రకునికి సయితము వేళయు హద్దును కలవని ఋణగ్రస్తుడు తెలిసికొనుట మంచిది.

చేయవలసిన పని

ఆ గృహస్థునకు నేను చెప్పినదియు, ఆయన చేసినదియు ఇపుడు చెప్పుదును.

ఆ రాత్రి మొదటి మాటగా, ఇంటికి పోయి ఇల్లాలికి సర్వము చెప్పుమంటిని. కాలువగట్టు మాటయు దాచవలదంటిని. మరణము ఋణమును తీర్చదు. దానిని విధవరాలి కొంగున, పిల్లవాని పలకపై వ్రాసిపోవును. అట్టి తలంపు వచ్చినవాడు ఆ రాత్రి ఒంటరిగా నుండరాదు. ఆలికో, అన్నకో, అర్చకునకో వెంటనే చెప్పవలెను. 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అను సేవకు 14416 అంకెకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. నేను ఆయనతో వారి ఇంటి గుమ్మము దాకా నడచితిని.

మరునాడు భార్యాభర్తలు కూర్చుండి లెక్క వ్రాసిరి. ఇంటి ఖర్చు 24,000 నుండి 21,000కు తగ్గింపవచ్చునని ఆమె చూపెను. బియ్యము, మందులు, పిల్లవాని చదువు వీనిని ముట్టలేదు. కుటుంబవిరోధము కాని హద్దు అదియే. మిగులునది 8,000. పనిలేక మూలనున్న పాత యంత్రమొకటి అమ్మి, వాయిదాల కొరకు తెచ్చిన 36,000 రూపాయల అప్పును మొదట తీర్చిరి. దానికి నెలకు 1,800 వడ్డీయే పోవుచుండెను. హెచ్చు వడ్డీ గల అప్పు అగ్నివంటిది. ముందు దానినే ఆర్పవలెను. జీవనాధారమైన పెద్ద యంత్రమును మాత్రము అమ్మవలదంటిని. పాడియావును అమ్మి పాలబాకీ తీర్చినవాడు మరునాడేమి చేయును?

పిమ్మట, 5వ తేదీ రాకమునుపే, ఆయన తానే సంస్థవారి కార్యాలయమునకు పోయెను. గడువు దాటిన పిదప చెప్పుమాట సాకువలె వినబడును. గడువుకు ముందు చెప్పుమాట సమాచారమగును. నోటితో చెప్పుటయే గాక వ్రాసి ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకొనెను. అందు నాలుగే మాటలు: ఇంతవరకు కట్టినది 1,62,000, మిగిలినది 2,70,000, ఆదాయము తగ్గినట్లు లెక్క ఇది, నెలకు 7,500 తప్పక కట్టగలను, ఆ లెక్కన 36 నెలలు. మిగులు 8,000 అయినను 7,500 అనియే వ్రాయుమంటిని. ఆవేశములో శక్తికి మించి ఒప్పుకొన్న పెద్ద వాయిదాకంటె, తప్పని చిన్న వాయిదా సత్యమునకు దగ్గర. మొదటి ఒప్పందమున జరిగిన పొరపాటు అదియే. ఆదాయమున ఏమాత్రము ఒడిదుడుకు వచ్చినను నిలువలేని లెక్కకు ఆయన సంతకము చేసెను.

సంస్థవారు మొదట ఒప్పుకొనలేదు. షరతు షరతే యనిరి. ఆయన కోపగింపక, ఆ నెల 7,500 కట్టి రశీదు తీసికొనెను. రెండవ నెలయు అట్లే చేసెను. మీకు సమ్మతమైనచో లోక్ అదాలతులో కూర్చుండి మాటలాడుకొందమని మరల వ్రాసెను. 1987 నాటి న్యాయసేవాధికార చట్టము ననుసరించి నడచు ఆ సభలలో కోర్టు రుసుము లేదు. ఉభయులు ఒప్పుకొన్న పరిష్కారము కోర్టు తీర్పుతో సమానము. యాజ్ఞవల్క్యుడు చెప్పిన మధ్యస్థుని స్థానము నేడు దానిదనవచ్చును. అక్కడిదాకా పోకయే మూడవ నెలలో వారు దిగివచ్చిరి. మొదటి 12 నెలలు 7,500, ఆ తరువాత ఆదాయమునుబట్టి మరల మాటలాడుకొనునట్లు క్రొత్త పత్రము వ్రాసికొనిరి. మునుపు తగ్గించిన వడ్డీలో కొంత మరల కలిపిరి. అది నష్టమే. అంతయు సుఖాంతమని నేను చెప్పను. ఆయన ఇంకను ఋణగ్రస్తుడే. కాని ఇపుడు ఫోను మ్రోగినచో ఎత్తుచున్నాడు. ఏకాదశినాడు భార్యాబిడ్డలతో గుడికి వచ్చుచున్నాడు.

మరియొక నియమమును ఆయనకు చెప్పియుంటిని. రాబడి కోలుకొన్న నెలలో, అడుగకయే హెచ్చుగా కట్టవలెను. కష్టములో గడువు కోరినవాడు సుఖములో గడువును వాడుకొనుట అదిత్సయే యగును. ఆనాడు అతడు నిజముగా మాట తప్పినవాడగును.

ఉత్తమర్ణులకు ఒక మనవి

ఈ సభలో అప్పిచ్చువారును కలరు. అప్పిచ్చువానిని శాస్త్రము నిందింపలేదు, ఉత్తమర్ణుడనియే పిలిచినది. ఆపదలో ధనమిచ్చినవాని ధనము తిరిగి రావలసినదే. కాని మీ ఎదుట నిలిచి, లెక్క చూపి, ఇంత ఇయ్యగలనని చెప్పువానిని, పారిపోవువానిని ఒకే గాట కట్టకుడు. అట్లు కట్టినచో నిజము చెప్పుట వలన లాభము లేదని లోకము నేర్చుకొనును. ఆ నష్టము వడ్డీలెక్కలో తేలునది కాదు.

వడ్డికాసులవాని సన్నిధిలో

తుదిగా ఒక్క మాట. మనము నిత్యము సేవించు శ్రీవేంకటేశ్వరుడు పద్మావతీ పరిణయమునకై కుబేరునియొద్ద అప్పుచేసెనని వేంకటాచల మాహాత్మ్యము చెప్పుచున్నది. పత్రము వ్రాసెను, బ్రహ్మరుద్రులను, అశ్వత్థవృక్షమును సాక్షులుగా నిలిపెను. లక్ష్మీపతియై యుండియు ఒకచో రాబడి లేనివాడై, అప్పును దాచక, వాయిదాల మీద కలియుగాంతము దాకా తీర్చుచున్నాడని మన పెద్దల విశ్వాసము. మనము ఆ స్వామిని వడ్డికాసులవాడని పిలుచుకొందుము. ఆ పేరునకు స్వామి ఎన్నడును సిగ్గుపడలేదు. కొండ దిగి పారిపోనూలేదు. సాక్షుల ఎదుట వ్రాసినదానిని కొంచెము కొంచెముగా తీర్చుచు, అందరికిని దర్శనమిచ్చుచు నిలిచియే యున్నాడు.

ఋణగ్రస్తుడు నేర్వవలసినది ఆ నిలుకడ. ముఖము దాచుకొనక నిలువవలెను; నిజము చెప్పవలెను; శక్తికొలది ఇయ్యవలెను; ఇచ్చినది వ్రాయించుకొనవలెను. ఇట్లు చేయువాడు ఋణము తీరకమునుపే సత్యమున నిలిచినవాడు. ఆ రాత్రి స్తంభము చాటున నన్నడిగిన ప్రశ్నకు ఇదియే సమాధానము: నాయనా, నీవు అసత్యవాదివి కావు.

స్వస్తి. శుభమస్తు.